పన్నెండు వేలిముద్రలు

“గురువారం పదకొండింటికి ఆడోళ్ళు గూడ రావాల్నంట” అన్నాడు లోకేశ్, బండి స్టాండు వేస్తూ.

భూమిక వాకిట్లో పసుపు తిప్పుతోంది. ఉడకబెట్టి ఆరబోసిన కొమ్ములను పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కాళ్ళతో చాళ్ళు తీసినట్టు తిప్పాలి. లేకపోతే అడుగున పచ్చిగానే ఉండి బూజు పడుతుంది. అత్తగారింట్లో ఆమెకు అన్నిటికన్నా నచ్చిన పని ఇదే. ఎండకు వేడెక్కిన కొమ్ములు అరికాళ్ళ కింద గలగలమంటాయి, కాలి పట్టీలు వాటితో పోటీపడతాయి, పాదాలు పండగనాటి గడపల్లా పచ్చబడతాయి. మొదటిరోజు ఆ పాదాలను ఫోటో తీసి డిగ్రీ స్నేహితురాళ్ళందరికీ పంపింది. ఇప్పుడు మొగుడి మాట చెవిన పడగానే కాళ్ళు చాలు మధ్యలో ఆగిపోయాయి.

ఎందుకట అని అడిగితే, కాగితం మీద వేలిముద్రలున్నాయి కదా, ఎవరివి వాళ్ళు వచ్చి మావే అని చెప్పాలట, మున్సిపల్ ఆఫీసు నుంచి మేడం వస్తోందట అన్నాడు. భార్య ముఖం చూసి నవ్వబోయి, ఆ నవ్వును సగంలోనే మానేశాడు.

“తేడా వస్తే కేసయితదంటున్నరు భూమీ.”

కాగితం మీద పన్నెండు వేలిముద్రలున్నాయి. పన్నెండూ భూమికవే.

ఆమె పెళ్ళయి నాలుగు నెలలు. సిరికొండ నుంచి పెర్కిట్‌కు వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో వాళ్ళిద్దరికీ ఒక అర్ర ఉండేది. చిన్నదే, ఒక మంచం, ఒక అద్దం, లోపలినుంచి వేసుకునే గొళ్ళెం. ఆ గొళ్ళెం చప్పుడంటే భూమికకు ఎంత ఇష్టమో చెప్పుకోవడానికి కూడా సిగ్గు. రెండు నెలలు గడిచాయో లేదో, మొదటి కోత పసుపు ఉడికి, ఎండి, పాలిష్ పట్టుకుని బస్తాల్లో ఇంటికి చేరింది. మంచం గోడకు నిలబెట్టి, బస్తాలు దూలాల దాకా పేర్చారు. ధర వచ్చేదాకా అవి అక్కడే ఉంటాయి. ప్రతి ఏడూ అంతే, అన్నారు. లోకేశ్ పడక వరండాలోకి మారింది, ఆమె పడక లోపలింట్లో అత్తమ్మ మంచం పక్కన చాప మీదికి. మొదట్లో అదీ సరదాగానే తోచింది. ఒకే కప్పు కింద ఉండి ఫోన్లో మెసేజీలు పంపుకోవడం, ‘మంచినీళ్ళ వంకతో ఒకసారి బయటికి రా’ అని అతను రాస్తే దుప్పట్లో నవ్వుకోవడం, పెళ్ళయ్యాక ప్రేమలో పడినట్టు ఉండేది. మూడు వారాలకు ఆ సరదా తీరిపోయింది. లోకేశ్ కిరాయి ఇంటి కోసం పెర్కిట్ అంతా, ఆర్మూర్ అంతా తిరిగాడు. ఉన్న ఇళ్ళన్నీ నిండిపోయాయి. దవాఖాన నర్సులు ఒక్కో అర్రలో ముగ్గురేసి ఉంటున్నారు. బడి పంతుళ్ళు ఊళ్ళో ఇల్లు దొరక్క రోజూ నిజామాబాద్ నుంచి బస్సులో వచ్చిపోతున్నారు.

అలాంటి రోజుల్లో మున్సిపాలిటీ నోటీసు అతికించింది. ఇప్పటిదాకా ఇంటి మీద అంతస్తు వేయకూడని ఈ గల్లీలో ఇకమీద ఐదంతస్తుల దాకా కట్టుకోవచ్చు, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో చెప్పండి అని. నోటీసు చదివినప్పుడు భూమిక గుండె ఎగిరి గంతేసింది. పైన ఒక అర్ర. దానికో గొళ్ళెం. ఆ మాట పైకి అనలేదు. అదే రోజు సాయంత్రం గల్లీలోని మగవాళ్ళంతా మామగారు లక్ష్మీనర్సయ్య వరండాలో కూర్చుని, ఐదంతస్తులు వస్తే ఎవరెవరో వచ్చి దిగుతారని, బోర్లు ఎండిపోతాయని, మురికినీళ్ళు వాకిళ్ళలోకి వస్తాయని, ఆడపిల్లలు మిద్దె మీద బట్టలారేసుకునే వీలుండదని మాట్లాడుకున్నారు. ఆమె మూడుసార్లు చాయ్ పెట్టింది. మూడోసారి గ్లాసులు తీసుకోవడానికి వచ్చినప్పుడు మామగారు ఆపి, అర్జీ నువ్వే రాయాలి బిడ్డా అన్నాడు. మా కోడలు డిగ్రీ చదివింది, రాత చూస్తే అచ్చు వేసినట్టుంటది అని అందరికీ చెప్పాడు.

ఆ ఇంట్లో ఆమెను ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. చెవులదాకా వేడెక్కింది. చాపమీద కూర్చుని, పెదవి కొరుక్కుంటూ, వాళ్ళు చెప్పినదానికన్నా బాగా రాసింది. ‘మా గల్లీ మహిళలందరమూ ముక్తకంఠంతో వ్యతిరేకిస్తున్నాము’ అన్న వాక్యం ఎవరూ చెప్పలేదు, ఆమే చేర్చింది. దాని కింద మొదటి సంతకం నువ్వే పెట్టు అంటే పెట్టింది. మిగతా ఆడవాళ్ళంతా వేలిముద్రోళ్ళే, ఇంటింటికీ ఎవరు తిరుగుతారు, ఆ పన్నెండూ నువ్వే వెయ్యి అన్నాడు మామగారు. ఇంకు మెత్త ముందుకు జరిపాడు. భూమికకు అది ఆటలా తోచింది. అన్నీ ఒకేలా ఉండకూడదని ఒకటి ఎడమ బొటనవేలు, ఒకటి కుడిది, ఒకటి చూపుడువేలు, లావుపాటి వాళ్ళకు గట్టిగా అద్ది, సన్నటివాళ్ళకు అంచుతో తాకించి, పక్కింటి నీలవ్వకు కొంచెం వాలుగా వేసింది. మగవాళ్ళు పడీ పడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. లోపల అత్తమ్మ జొన్నరొట్టె కొడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఇప్పుడు పసుపు చాళ్ళ మధ్య నిలబడి తన పది వేళ్ళనూ చూసుకుంటే, అవి తనవి కానట్టున్నాయి. లోకేశ్‌తో కలిసి వెళ్ళి మామగారిని అడిగింది, ఇప్పుడెట్లా మామయ్యా అని. ఆయన పేపరు లోంచి తలెత్తలేదు.

“రాసింది నువ్వేనాయె. నేను నీ ఏలు వట్టి పెట్టిచ్చిన్నా? పోయి ఆడోళ్ళకు చెప్పుకో. మావే అనమను, అయిపోతది.”

బయటికి వచ్చాక లోకేశ్ గొంతు తగ్గించి, నాయనకు ఎదురు చెప్పకు అన్నాడు. ఆయన పేరు బయటికి వస్తే నిన్ను సిరికొండకు పంపించేస్తాడు, ఆయన మాటంటే మాటే అని హెచ్చరించాడు. ‘మరి నువ్వు’ అని ఆమె అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనని భయం వేసింది. కేసు, జైలు అన్న మాటలకన్నా ఆ భయమే ఎక్కువగా పట్టుకుంది. పుట్టింటి గేటు ముందు ఆటో ఆగడం, తను సూట్‌కేసుతో దిగడం, ఎదురింటివాళ్ళు లెక్కపెట్టుకుంటున్నట్టు నాలుగు నెలలే కదా అనడం, అన్నీ కళ్ళకు కట్టాయి. ఆ రోజంతా గేటు దగ్గర బండి ఆగిన ప్రతిసారీ చేతిలోది జారిపోతూనే ఉంది.

మర్నాడు నీలవ్వ దగ్గరికి వెళ్ళింది. నీలవ్వ భర్త పోయి చాలా ఏళ్ళు. ఊళ్ళ నుంచి వచ్చే పసుపును తన వాకిట్లో ఉడకబెట్టి, ఎండబెట్టి ఇచ్చి బతుకుతుంది. కాగు కింద మంట ఎగదోస్తూ, భూమిక తడబడుతూ చెప్పిందంతా వింది.

“నేనైతే వద్దనేదాన్నే” అంది నీలవ్వ. రోడ్డు మీది దుకాణం మూడంతస్తులయ్యాక మూడింటికల్లా తన వాకిట్లో నీడ పడుతోందని, పది రోజుల్లో ఎండేది పదిహేను రోజులు పడుతోందని, గల్లీ అంతా మేడలు లేస్తే తన బతుకు ఆరినట్టేనని చేతులు తిప్పుతూ చూపించింది. భూమికకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే నీలవ్వ కట్టె కింద పడేసి ఆమె వైపు తిరిగింది.

“కని నాకు ఏలిముద్ర పెట్టినవా నువ్వు? మహిళా సంఘంల పదేండ్ల సంది సంతకం పెడ్తున్న నేను. నేర్చుకునేటప్పుడు ఎన్ని పలకలు అరగదీసిన్నో నాకెరుక. సదువుకున్న పిల్లవు, ఒక్క మాట అడిగితే ఏం వోతుండె?”

మామయ్య ఎవరికీ సంతకం రాదన్నాడని గొణిగింది భూమిక. “మీ మామకేమెరుక” అంది నీలవ్వ. “మీ అత్త గూడ పెడ్తది. నాకన్న మంచిగ పెడ్తది.”

అబద్ధం చెప్పను, నిన్ను పట్టివ్వను, నోరు మూసుకుని కూర్చుంటా పో అని చివరికి మాటిచ్చింది. థాంక్స్ చెప్పబోతే మళ్ళీ కాగు వైపు తిరిగిపోయింది.

ఎదురు వరసలో సైరా ఇల్లు. భర్త వాహబ్ ఆటో నడుపుతాడు, అర్జీ మీద అతని సంతకమూ ఉంది. సైరా మొదట నవ్వింది, నా అంగూఠా ముద్ర నీ చేతికెట్లొచ్చిందే బేటీ అని. తర్వాత భూమికను లోపలికి పిలిచి అర్ర చూపించింది. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, నడుమ తీగకు వేలాడుతున్న నీలిరంగు చీర.

“ఈ చీర దిక్కు జూస్తే నాకే సిగ్గయితది. మీద రెండు కమ్రాలు పడితే చాలు అని రోజు దువా చేస్త. కని గల్లీల మావోళ్ళయి రెండే ఇండ్లు. అందరు వద్దంటే మేమొక్కలం కావాలంటమా? మీ చాచా దస్తఖత్ చేసిండు. నన్నెవరడిగిండ్రు?”

చీర అవతల ఎవరో గాజులు సర్దుకున్న చప్పుడైంది. భూమిక తల దించుకుంది. తనకు కావలసిందే ఆమెకూ కావాలి. ఆమె వద్దన్నట్టు తనే వేలు అద్దింది.

రెండు రోజుల్లో పదకొండు గడపలూ తిరిగింది. సంతకం రానివాళ్ళు ఇద్దరే తేలారు. మేడలు రావాలన్నవాళ్ళూ ఉన్నారు, వస్తే ఈ గల్లీలో బతకలేమన్నవాళ్ళూ ఉన్నారు, ఒకావిడైతే కట్టుకుంటే రెండంతస్తులు చాలు, ఐదెందుకు అని గంటసేపు వాదించింది. ఇన్నాళ్ళూ నల్లా దగ్గర కూరల గురించి, పిల్లల జ్వరాల గురించే మాట్లాడుకుంటారనుకున్న మనుషులు. ‘నువ్వు అడిగినవు గాబట్టి చెప్తున్న’ అని ప్రతి ఒక్కరూ అన్నారు. ఆ మాట ప్రతిసారీ ఆమెకు చెంపమీద తగిలింది. చివరికి అందరూ ఒప్పుకున్నది ఒకటే, నోరు విప్పరు. కొత్త పెళ్ళికూతురివి, నీ ఇల్లు కూల్చి మాకేమొస్తుంది అన్నారు.

పన్నెండో ముద్ర ఇంట్లోనే ఉంది. బుధవారం సాయంత్రం అత్తమ్మ భీమవ్వ పొయ్యి ముందు పిండి పిసుకుతుంటే, భూమిక పక్కన చతికిలబడింది. అత్తమ్మా, నీకు సంతకం వస్తదా అని అడిగింది. భీమవ్వ ఊ అంది. ముద్ద చేసి, చేత్తో తట్టి, రొట్టెను గుండ్రంగా సాగదీసింది. పెనం మీద వేసి నీళ్ళు అద్దింది. అప్పుడు మాట్లాడింది.

“ఆ పొద్దు నీకు నాలుగడుగుల దూరంల ఉంటి. కాయితం వట్టుకొని గీడిదాక రాకపోతివి.”

భూమిక కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. పొగకు కాదు. తప్పయింది అంది. భయమవుతోంది అత్తమ్మా అంది. అయితది మరి, అంది భీమవ్వ, అంతకుమించి ఓదార్చలేదు. రొట్టె తిప్పేసి, మొగం పొయ్యివైపే ఉంచి, పెళ్ళయిన మొదటి ఎండకాలం తన అర్రలోకి పసుపు వచ్చినప్పుడు, ఈ ఒక్క ఏడే కదా అనుకున్నానని చెప్పింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళ కిందటి సంగతట. ఆ మాట చెప్పాక ఇంకో ముద్ద తీసుకుంది.

గురువారం కమ్యూనిటీ హాల్లో మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. మేడం నడివయసు మనిషి, భుజాన సంచీ, చేతిలో నీళ్ళ సీసా, బస్సు దిగి నడిచి వచ్చినట్టు చెమటలు పట్టి ఉంది. ఫ్యాను వేయించుకుని ఫైలు తెరిచి, పేర్లు ఒక్కొక్కటే చదివింది. నీలవ్వ ఎవరు? ఈ వేలిముద్ర నీదేనా? నీలవ్వ తన పాదాల వంక చూసుకుంది. సైరా బేగం? సైరా కొంగు ముఖంమీదికి లాక్కుంది. భూమిక చాప అంచు గిల్లుతూ కూర్చుంది. వీపు మీద చెమట చీమలా దిగుతోంది. నాలుగో పేరుకు లక్ష్మీనర్సయ్య లేచి, చేతులు జోడించి నవ్వాడు. మావోళ్ళవే మేడం, మగవాళ్ళ ముందర మాట్లాడాలంటే సిగ్గుపడతారు అన్నాడు. మేడం చాపల వైపు ఒకసారి చూసింది. ఎవరూ కాదనలేదు. సరే, మహిళలందరూ వ్యతిరేకమని రాసుకుంటున్నాను అని రెండు ముక్కలు రాసి, కలానికి మూత పెట్టింది.

అయిపోయింది. భూమిక ఊపిరి వదిలింది. ఇక ఎవరూ అడగరు, ఎవరికీ తెలియదు. సాయంత్రం వెళ్ళి పసుపు తిప్పుకోవచ్చు, లోకేశ్ మిర్చిబజ్జీలు తెస్తానన్నాడు కూడా. తేలికపడిన ఒళ్ళుతో తలెత్తి చూసింది. నల్లా దగ్గర బిందె కోసం గల్లీ దద్దరిల్లేలా అరిచే నీలవ్వ పెదవులు బిగపట్టి కూర్చుంది. ఎప్పుడూ నవ్వే సైరా నవ్వడం లేదు. రెండంతస్తులు చాలని గంటసేపు వాదించిన మనిషి గోడమీది బల్లిని చూస్తోంది. అత్తమ్మ ఒళ్ళో రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి పెట్టుకుని ఉంది, పెళ్ళి ఫోటోలో కూర్చున్నట్టు. అందరూ తన కోసం నోళ్ళు కుట్టేసుకున్నారు. పదిరోజుల కిందట నవ్వుతూ ఒకసారి మూయించింది, ఇప్పుడు బతిమాలి మళ్ళీ మూయించింది. మేడం ఫైలు సంచీలో పెట్టుకోబోతోంది. అది సంచీలోకి వెళ్ళిందంటే ఇక ఈ గల్లీలో ఆడవాళ్ళ మాట అదే, ఎప్పటికీ.

భూమిక లేచి నిలబడింది. గోడ పట్టుకుంది.

“మేడం, ఆ పన్నెండు నా ఏలిముద్రలే.”

చిన్నపిల్ల మేడం, తెలియక ఏదో అంటోంది అని మామగారు గబగబా అందుకున్నాడు. లోకేశ్ తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు వద్దని. మేడం ఫైలు మళ్ళీ బల్లమీద పెట్టింది. ఇది ఎంత పెద్ద తప్పో తెలుసా, ఎవరు పెట్టమన్నారు అని అడిగింది. లోకేశ్ వైపు చూస్తే మాట రాదని తెలిసి, భూమిక కిటికీ వైపు చూసింది.

“మా మామయ్య పెట్టమన్నడు. పెట్టింది మాత్రం నేనే. వీళ్ళకు సంతకాలొస్తయి మేడం, ఎవరిది వాళ్ళను అడగండి, చెప్తరు. మొదటి సంతకం గూడ కొట్టేయండి. అది నా చేతితోనే పెట్టిన, కని నాకు మీద ఒక అర్ర కావాలె.”

చాపల వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కొత్త పెళ్ళికూతురు నలుగురిలో అర్ర కావాలనడం. భూమిక ముఖం మండిపోయింది, అయినా కూర్చోలేదు. మేడం నవ్వలేదు. తెల్లకాగితం ఒకటి తీసి, ఇది వాంగ్మూలంగా రాసుకోవాలి, పైవాళ్ళు ఏమంటారో నేను చెప్పలేను అంది. పేరు అడిగింది. భర్త పేరు అడిగింది. ఇంటి నంబరు అడిగింది.

భూమిక నోరు తెరిచింది. ఏ నంబరూ రాలేదు. నాలుగు నెలలుగా ఆ వాకిలి ఊడ్చింది, ముగ్గు పెట్టింది, కొమ్ములు తిప్పింది. ఆ ఇంటికి నంబరొకటుంటుందని ఎవరూ చెప్పలేదు, ఆమెకూ అవసరం పడలేదు. ఆధార్‌లో ఏముంది అంది మేడం. సిరికొండ, అంది భూమిక.

“ఆధార్‌ల ఉన్నదే రాసుకోండ్రి మేడం” అన్నాడు లక్ష్మీనర్సయ్య, నింపాదిగా.

మేడం కలం కాగితానికి ఆనింది. భూమిక లోకేశ్ వైపు చూసింది. అతనికి నంబరు తెలుసు, కరెంటు బిల్లు కట్టేది అతనే. అతను తండ్రి వంక చూసి, ఆ తర్వాత తన చెప్పుల వంక చూశాడు.

చాప మీద కదలిక వినిపించింది. భీమవ్వ మోకాలి మీద చెయ్యి ఆనించి, మెల్లగా లేచి నిలబడింది.

“ఐదు బై నలభై రెండు” అంది. “రాసుకోండ్రి మేడం. నా కోడలు గాడనే ఉంటది.”